బ్యాకప్ ఆన్‌లోనే ఉంది, కావాల్సిన ఫైలే లేదు

మా బాబాయి సిమెంటు కొట్టులో లాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది వేయించి వన్‌డ్రైవ్‌లో (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) లాగిన్ అయితే పెళ్లి ఫోటోలు, డెస్క్‌టాప్ మీద పడేసిన రెండు సినిమాలు, ప్రింటర్ సెటప్ ఫైలుతో సహా అన్నీ దిగాయి. ట్యాలీ (కొట్టు లెక్కలు రాసే ట్యాలీప్రైమ్ సాఫ్ట్‌వేర్) లెక్కలు మాత్రం లేవు.

సమస్య 1: బ్యాకప్ ఉన్నా అసలు డేటా రాలేదు

కారణం: వన్‌డ్రైవ్ కంప్యూటర్ మొత్తాన్ని దాచదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి కొన్ని ఫోల్డర్లనే దాస్తుంది. ట్యాలీప్రైమ్ మామూలుగా డేటాను సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే వరుసలో లోపలెక్కడో పెడుతుంది. తెరిచి చూసినా కంపెనీ పేరు ఉండదు, అంకెల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. వాటిలో లెక్కలున్నాయని ఎవరికి తడుతుంది?

పరిష్కారం: డేటా ఫోల్డర్‌నే తెచ్చి వన్‌డ్రైవ్‌లో పెట్టేద్దామనిపిస్తుంది, వద్దు. ట్యాలీ నడుస్తున్నంతసేపూ ఆ ఫైళ్లు మారుతూనే ఉంటాయి. ఒక ఫైలు కొత్తది, ఇంకోటి పాతది ఎక్కితే ఆ కాపీ తెరుచుకోకపోవచ్చు. కొట్టు కట్టేసే ముందు ట్యాలీలో ఆల్ట్, వై కలిపి నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ చూపించండి. అక్కడి నుంచి అదే పైకి ఎక్కుతుంది. మేము సోమ నుంచి ఆది దాకా 7 ఫోల్డర్లు పెట్టుకున్నాం. ఒకరోజు కాపీ చెడినా నిన్నటిది ఉంటుంది.

సమస్య 2: స్టోరేజ్ నిండిందని రోజూ మెసేజ్

కారణం: వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ. గూగుల్‌లో 15, కానీ జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. ఆ కాస్త చోటునూ మనవాళ్లు డెస్క్‌టాప్ మీద పెట్టే సినిమాలు తినేస్తాయి.

పరిష్కారం: ఫైళ్లను సైజు వారీగా పేర్చి, పెద్దవాటి నుంచి చూస్తూ రండి. ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? దొరికేదైతే (సినిమా, సెటప్ ఫైలు) డి డ్రైవ్‌కి పంపండి. స్కాన్ చేసిన దస్తావేజు 2 ఎంబీయే అయినా ఉండాల్సిందే.

సమస్య 3: అప్‌లోడ్ ఎంతకీ అవదు

కారణం: చాలాసార్లు అవుట్‌లుక్ (మెయిల్ ప్రోగ్రామ్) పీఎస్‌టీ ఫైలు. మెయిళ్లన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఒక్క మెయిల్ వచ్చినా ఫైలు మారినట్టే.

పరిష్కారం: అవుట్‌లుక్ మూసి, దాన్ని వన్‌డ్రైవ్ బయటి ఫోల్డర్‌లోకి మార్చండి. మళ్లీ తెరిచినప్పుడు అడిగితే కొత్త చోటు చూపించండి. వారానికోసారి, అవుట్‌లుక్ మూసి ఉన్నప్పుడు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తే చాలు.

సమస్య 4: ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోయింది

అది సింక్. రెండు చోట్లా ఒకేలా ఉంచడమే దాని పని. టెన్షన్ పడకుండా వెబ్‌సైట్‌లో రీసైకిల్ బిన్ చూడండి. పర్సనల్ వన్‌డ్రైవ్ ఖాతాలో మామూలుగా 30 రోజులు ఉంటుంది.

ఇవన్నీ సర్దాక ట్యాలీ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూడండి. డేటా ఫోల్డర్ మీదే రీస్టోర్ చేయకండి, ఉన్న లెక్కలు చెరిగిపోతాయి. మేము మొదటిసారి చూసినప్పుడు ఏప్రిల్ తర్వాత ఒక్క వోచర్ (లెక్కల ఎంట్రీ) లేదు. ట్యాలీలో ఒక్కో ఏడాది లెక్కలకు ఒక్కో కంపెనీ పెట్టుకున్నాడు, బాబాయి రోజూ బ్యాకప్ చేస్తున్నది పోయినేడాది కంపెనీని.