ఎన్నికల డ్యూటీ పడిందా? పోస్టల్ కవరు వేరేవాళ్ల చేతికివ్వకండి

టీచరు ఉద్యోగంలో ఆరుసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను. మొదటిసారి నా పోస్టల్ ఓటు చెల్లి ఉండదు. ఈ ఓటు నాదేనని సంతకం పెట్టిచ్చే డిక్లరేషన్‌ని కూడా బ్యాలెట్‌తో పాటు లోపలి కవర్లోనే పెట్టి అంటించేశాను. ఆ తప్పు విలువ తర్వాత కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. బయటి కవరు చించగానే ముందు చూసేది డిక్లరేషనే. అది లేకపోయినా, దాని మీద సంతకం లేకపోయినా లోపలి కవరు విప్పరు. అలాగే పక్కన పెట్టేస్తారు. విప్పని ఆ కవర్లు చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

పోస్టల్ ఓటుకు దరఖాస్తు, అంటే ఫారం 12, శిక్షణ రోజే ఇచ్చేయండి. భాగం నంబరు, వరుస సంఖ్య ఓటరు జాబితా చూసి రాయండి, గుర్తున్నట్టు రాయొద్దు. లోక్‌సభ ఎన్నికల్లో మీకు ఓటున్న నియోజకవర్గంలోనే డ్యూటీ పడితే ఫారం 12ఏ ఇచ్చి ఈడీసీ, అంటే ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. డ్యూటీ చేసే బూత్‌లోనే ఈవీఎం మీద ఓటేస్తారు. వీలుంటే నేను దీనికే మొగ్గుతాను, కవర్ల బెడదే ఉండదు.

ఒకప్పుడు బ్యాలెట్ ఇంటికి తెచ్చుకుని కౌంటింగ్ మొదలయ్యేలోపు ఎప్పుడైనా పంపేవాళ్లం. అక్కడే అసలు ప్రమాదం. ఒకసారి ఒక పెద్దమనిషి మా స్టాఫ్‌రూమ్‌కే వచ్చి, "మేడమ్, సంతకం పెట్టి ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ఇద్దరు ఇచ్చేశారు కూడా. ఆ ఓట్లు ఎవరికి పడ్డాయో వాళ్లకే తెలియదు. 2023లో నిబంధన మార్చి, డ్యూటీలో ఉన్నవాళ్లు తమ పోస్టల్ ఓటు కోసం పెట్టే ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే ఓటేయాలన్నారు. మంచి పని చేశారు.

సెంటర్‌లో తొందరపడకండి. ముందు బ్యాలెట్ మీది నంబరూ, 13ఏ డిక్లరేషన్‌లో రాసిన నంబరూ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే ఓటు పోతుంది. గెజిటెడ్ అధికారి ఎదుటే సంతకం పెట్టి అటెస్ట్ చేయించుకోండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారి సంతకం ఉండి సీలు లేని డిక్లరేషన్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంతకం ఉంటే చాలన్న ఎన్నికల సంఘం మాటే చివరికి నిలిచింది. అయినా నేను మాత్రం పేరు, హోదా, సీలు మూడూ పడేదాకా ఆ టేబుల్ వదలను. ఒక్క అభ్యర్థికే గుర్తు పెట్టండి. బ్యాలెట్ మీద పేరు గానీ సంతకం గానీ పెట్టారంటే చెల్లదు. బ్యాలెట్ ఒక్కటే లోపలి కవర్లో, అంటే 13బీలో పెట్టి అంటించండి. ఆ కవరూ, విడిగా డిక్లరేషనూ బయటి కవర్లో, అంటే 13సీలో పెట్టి, మీ చేత్తోనే పెట్టెలో వేయండి.

ఓటు ఫోటో చూపిస్తే డబ్బిస్తామనేవాళ్లు వస్తారు. తీసుకున్నవాళ్లదీ నేరమే, ఏడాది దాకా జైలు. బ్యాలెట్‌ని గానీ, డిక్లరేషన్‌ని గానీ, పోస్టల్ కవరుని గానీ మోసంతో పాడుచేస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 136వ సెక్షన్ కింద మామూలు మనిషికి ఆరు నెలల దాకా, ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగికి రెండేళ్ల దాకా శిక్ష. మన మీద నమ్మకం ఎక్కువ పెట్టారు కాబట్టే శిక్షా ఎక్కువ, అది న్యాయమే. ఏదైనా కంటపడితే ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి, లేదా ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో పెట్టండి.

ఇంట్లో 85 దాటినవాళ్లో, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లో ఉంటే, ఇంట్లోంచే ఓటేయడానికి ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఫారం 12డీ ఇవ్వండి. సిబ్బందే ఇంటికొస్తారు. మా అత్తగారికి అలాగే వేయించాం. బ్యాలెట్ చేతికి రాగానే ఆవిడ మా ఆయన వైపు చూసి, "నువ్వు కాసేపు వాకిట్లోకి వెళ్లు నాయనా" అన్నారు. మా ఆయన వెళ్లాకే పెన్ను తీశారు.