ఆన్‌లైన్ దుకాణం పేజీని వేగంగా, నిజాయితీగా ఉంచడం ఎలా?

ఆన్‌లైన్ దుకాణాలకు సలహాలిచ్చే నన్ను పిలిచేవారిలో చాలామంది మొదట చెప్పేది ఒకటే: "సైటు నెమ్మదిగా ఉంది, ఫొటోలు బరువైనట్టున్నాయి, ఒకసారి చూడండి." ఫొటోల సంగతి కొంతవరకు నిజమే గానీ, పేజీని విప్పి చూస్తే అసలు బరువు తరచుగా మరోచోట ఉంటుంది. కొనేవారిని తొందరపెట్టడానికో, వారి ప్రతి కదలికనూ నమోదు చేయడానికో ఎప్పుడెప్పుడో తగిలించిన స్క్రిప్టులే (పేజీతోపాటు దిగి నడిచే చిన్న ప్రోగ్రాములే) ఆ బరువు. అందుకే వేగాన్నీ నిజాయితీనీ నేను వేర్వేరు పనులుగా చూడను. రెండూ ఒకే చీపురుతో ఊడ్చే గది.

మొదటి మెట్టు: కొనేవారి ఫోన్‌లో కొలవండి

గూగుల్ 'కోర్ వెబ్ వైటల్స్' పేరుతో మూడు కొలతలు పెట్టింది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినదానికి పేజీ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. తెరుచుకుంటున్నప్పుడు పేజీలోని భాగాలు చోటు మారడాన్ని చెప్పే అంకె 0.1 దాటకూడదు. సందర్శనల్లో కనీసం 75 శాతం ఈ హద్దుల్లో ఉంటేనే పేజీ బాగున్నట్టు లెక్క. వీటిలో స్పందన కొలత 2024 మార్చిలో మారింది. పాత కొలత మొదటి నొక్కుకు కలిగే ఆలస్యాన్ని మాత్రమే చూసేది. ఇప్పటి ఐఎన్‌పీ (నొక్కిన తర్వాత తెర మీద మార్పు కనిపించడానికి పట్టే సమయం), కొనేవారు పేజీలో ఉన్నంతసేపూ చేసే నొక్కులన్నింటినీ లెక్కలోకి తీసుకుంటుంది.

యజమాని కొత్త ఫోన్‌లో, ఆఫీసు వైఫై మీద, అప్పటికే కాష్‌లో (ఫోన్ దాచుకున్న కాపీగా) ఉన్న పేజీని తెరిచి "బాగానే వస్తోందే" అనడం, పరగడుపున తూకం చూసుకుని బరువు తగ్గానని సంబరపడటం లాంటిది. పాత ఫోన్ ఒకటి తీసుకుని, మొబైల్ డేటా మీద, ఎప్పుడూ తెరవని వస్తువు పేజీని తెరిచి చూడండి.

రెండో మెట్టు: ప్రతి స్క్రిప్టుకూ యజమానిని వెతకండి

పేజీ తెరుచుకునేటప్పుడు బయటి సర్వర్ల నుంచి ఏమేమి దిగుతున్నాయో బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఉండే నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. ఒక్కోదాన్నీ రాసుకుని, దీన్ని ఎవరు పెట్టించారు, ఎందుకు, దీని నివేదికను ఇప్పుడు ఎవరు చదువుతున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు రానిదాన్ని తీసేయవచ్చు; అయితే ఒకేసారి అన్నీ తీయకుండా, ఒక్కోటి తీసి చెకౌట్‌ను (డబ్బు చెల్లించే దశను) చివరిదాకా పరీక్షించండి.

మూడో మెట్టు: పేజీ చెప్పే మాటలను నిలదీయండి

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఒక దుకాణంలో ధర కింద "ఈ ఆఫర్ ఇంకా 14 నిమిషాల 59 సెకన్లు" అని గడియారం తిరుగుతుండేది. పేజీని రిఫ్రెష్ చేశాను, మళ్లీ 14:59. మరో ఫోన్‌లో తెరిచాను, అక్కడా 14:59. కోడ్ చూస్తే ఆ అంకెకు ఏ ఆఫర్‌తోనూ సంబంధం లేదు, పేజీ తెరిచిన క్షణం నుంచి వెనక్కి లెక్కపెట్టడమే దాని పని. పక్కనే ఉన్న "ఇంకా 3 మాత్రమే మిగిలాయి" అన్న మాట స్టాక్ చూసి చెప్పింది కాదు. రెండు నుంచి ఐదు లోపు ఏదో ఒక అంకెను వేస్తోందంతే. ఈ రెండింటినీ నడిపే ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాము) ఫైలు బయటి సర్వర్ నుంచి దిగేదాకా "కొనండి" బటన్ పనిచేసేది కాదు. అబద్ధం చెప్పడానికి ఆ దుకాణం తన వేగాన్నే ఖర్చు పెడుతోంది.

ఇలాంటి ఎత్తుగడలకు వెబ్ డిజైన్ నిపుణుడు హ్యారీ బ్రిగ్నల్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. తర్వాత ఇవి చట్టాల దాకా వెళ్లాయి. ధర తగ్గించామని ప్రకటించేటప్పుడు అంతకుముందు కనీసం 30 రోజుల్లో వసూలు చేసిన అతి తక్కువ ధరను చూపాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2022 మే నుంచి అమల్లో ఉంది. మీ దుకాణానికి అది వర్తించకపోయినా, పరీక్షగా వాడుకోవచ్చు: కొట్టేసి చూపిస్తున్న పాత ధరకు ఎవరైనా నిజంగా కొన్నారా? సభ్యత్వం తీసుకోవడానికి ఎన్ని నొక్కులు, రద్దు చేసుకోవడానికి ఎన్ని? తక్కువ నక్షత్రాలు వచ్చిన రివ్యూలు ఏమయ్యాయి?

పై దుకాణంలో గడియారం తీసేసి, "ఈ ధర ఫలానా తేదీ వరకు" అని మామూలు అక్షరాల్లో రాయించాం. దానికి స్క్రిప్టు అక్కర్లేదు. ఆ తేదీ దాటాక ధర మార్చడమొక్కటే గుర్తుంచుకోవాలి.

నాలుగో మెట్టు: ఫొటోలు

ఇది సులువైన పని. ఫొటోలను తక్కువ బరువుండే వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్ రూపంలోకి మార్చి, చూపించే కొలతకే కుదించి, వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి. అప్పుడు ఫొటో దిగేటప్పుడు కింది బటన్ జారిపోయి వేలు మరోదాని మీద పడదు. కింది ఫొటోలను ఆలస్యంగా దించవచ్చు గానీ, పైన కనిపించే మొదటి ఫొటోకు ఆ ఏర్పాటు పెట్టకండి.

ఐదో మెట్టు: తగ్గిన బరువు తిరిగి రాకుండా చూడండి

రోజంతా కుర్చీలో కూర్చునే పని నాది. ఒకసారి పంతం పట్టి నెల రోజులు పరుగెత్తాను, మోకాలు నొచ్చి మానేశాను, బరువు నిదానంగా తిరిగొచ్చింది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు పని కల్పించే వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. నాకు కుదిరింది వారంలో ఐదు రోజులు అరగంట నడక. వెబ్‌సైట్లూ ఇలాగే జారిపోతాయి. పెద్ద శుభ్రత జరిగిన మూడు నెలలకు ఓ సేల్ పేరుతో నాలుగు కొత్త స్క్రిప్టులు చేరతాయి, సేల్ ముగిసినా అవి పోవు. కాబట్టి పేజీ మొత్తం బరువుకు ఒక హద్దు రాసి పెట్టుకోండి. కొత్త స్క్రిప్టు రావాలంటే పాతది ఒకటి పోవాలన్న నియమం పెట్టండి. వారానికి అరగంట దీనికే కేటాయించండి.

నేను ఆ తనిఖీని నడకలోనే చేస్తాను (రోడ్డు మీద కాదు, మేడ మీద, సిగ్నల్ సరిగా అందని మూలన). నిమిషానికి వంద అడుగుల నడకలో 2.5 సెకన్లంటే దాదాపు నాలుగు అడుగులు. లింకు నొక్కాక నాలుగో అడుగుకు వస్తువు ఫొటో, దాని అసలు ధర కనిపించకపోతే, ఆ వారం పనుల జాబితాలో ఆ పేజీ మొదటికి చేరుతుంది.