ఉలాన్‌బాతర్ ప్రసంగం ఆన్‌లైన్‌లో వినబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సమయం: ప్రకటనలో ఉండేది అక్కడి గంటే. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ మనకంటే (భారత్ కంటే) రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 5:30 అంటే మనకు మధ్యాహ్నం 3. ఇది తప్పితే మొత్తం ప్రసంగమే పోతుంది. అమెరికాలో ఉన్నవారు తేదీ కూడా సరిచూసుకోవాలి.

ఏ మంగోలియా: స్వతంత్ర దేశమా, చైనాలోని ఇన్నర్ మంగోలియానా? పాత మంగోలియన్ నిలువు లిపి ఇన్నర్ మంగోలియాలో వాడుకలోనే ఉంది. స్వతంత్ర మంగోలియాలో 1940లలో సిరిలిక్ (రష్యన్ రాసే లిపి) వచ్చింది. ఒకదాని ప్రశ్న మరోచోట అతకదు.

పేరు: ముందు తండ్రి పేరు, తర్వాత సొంత పేరు. మాజీ అధ్యక్షుడు త్సాఖియాగీన్ ఎల్బెగ్‌దోర్జ్‌ను ఎల్బెగ్‌దోర్జ్ అనాలి. మొదటి మాటతో పిలిస్తే వాళ్ల నాన్నను పిలిచినట్టే!

‘జుద్’: పర్యావరణ ప్రసంగమైతే ఈ మాట తప్పక వస్తుంది. దీన్ని మంచు తుపాను అనుకోకండి; పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయే కఠిన చలికాలమిది. తరచుగా వేసవిలో వాన లేక గడ్డి సరిగా ఎదగదు, పశువులు బక్కచిక్కిన ఒంటితోనే చలికాలంలోకి వెళ్తాయి. కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి రాయిలా మారితే, గొర్రె డెక్కతో ఎంత గీరినా కింది గడ్డి అందదు. 2023-24 చలికాలంలో 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. పశువులే జీవనాధారమైన కుటుంబాల గురించి అడుగుతున్నామని గుర్తుంచుకుని ప్రశ్న వేయండి.

ప్రసంగ భాష: మంగోలియన్‌లో అయితే అనువాదం ఉందో లేదో ముందే అడగండి.