పాత స్ట్రాటోకాస్టర్ ఏ ఏడాదిది? లెక్క కుదరనప్పుడు ఏం చూడాలి

ఇక్కడి లెక్క 1954 నుంచి 1970ల మొదటి వరకు వచ్చిన ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్లకు. అసలు పార్టుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, గిటార్ దానికన్నా ముందుది కాలేదు. మిగతా లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సీరియల్ నంబరు ఒక ఏడాది, లోపలి పార్టులు ఇంకో ఏడాది చెబుతున్నాయి

కారణం: నెక్ (తీగలు సాగే పొడవాటి చెక్క) బాడీకి బిగించేచోట వెనక ఉండే ప్లేటు మీది నంబర్లు వరుసగా వాడలేదు. చేతికి ఏ ప్లేటు వస్తే అది బిగించారు. పైగా దానికి ఉన్నవి మూడు నాలుగు స్క్రూలే, ఒక గిటార్‌ది ఇంకోదానికి మార్చడం పది నిమిషాల పని. నంబరు ఒక్కటే చూసి ఏడాది చెప్పేస్తే పప్పులో కాలేసినట్టే.

పరిష్కారం: తీగలు తీసేసి, పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు పలక) విప్పి పాట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పొటెన్షియోమీటర్ల) వెనక కోడ్ చదవండి. 3046320 అని ఉందనుకోండి. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ (137 అయితే సీటీఎస్), 63 అంటే 1963, 20 అంటే ఇరవయ్యో వారం, అంటే మే నెల మధ్య. ఆరంకెల కోడ్ అయితే 1950ల పాట్: 304731లో 7 అంటే 1957, 31వ వారం. కోడ్ మీద టంకం పడి ఉంటే గీకొద్దు. దూదితో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, టార్చి పక్కనుంచి వేసి చూడండి.

1959 నుంచి 1965 వరకు వచ్చిన లేతాకుపచ్చ పిక్‌గార్డ్ సెల్యులాయిడ్, ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. 11 స్క్రూలూ తీశాక కూడా రాకపోతే బలవంతంగా లాగొద్దు, స్క్రూ రంధ్రం దగ్గర చీలుతుంది.

పాట్లు 1966 అంటున్నాయి, హెడ్‌స్టాక్ (నెక్ పై చివర తల) మీద నల్ల లోగో ఉంది

ఇది దొంగ గిటార్ కానక్కర్లేదు. 1966లో ఫెండర్ పెద్ద మొత్తంలో పాట్లు కొని, దశాబ్దం చివరి వరకు వాడింది. నల్ల లోగో 1968లో వచ్చింది. ఇలాంటి వాటికి పాట్లను పక్కనపెట్టి నెక్ మడమ (బాడీలో బిగించే చివర) మీది తేదీ ముద్రను నమ్మాలి.

నెక్ మడమ మీద తేదీ అర్థం కావట్లేదు

1962 తొలినాళ్ల దాకా పెన్సిల్‌తో రాసేవారు, తర్వాత రబ్బరు స్టాంపు. '13 మార్చి 66 బి' అని ఉంటే అది మార్చి 13 కాదు. 13 మోడల్ కోడ్, బి అంటే నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) వెడల్పు, 1 5/8 అంగుళాలు. తేలేది 1966 మార్చి అని మాత్రమే. అదీ నెక్ తయారైన నెల, గిటార్ బిగింపు ఆ తర్వాతే.

నెక్ విప్పేటప్పుడు పెయింట్ అంటుకుని ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, అంచు పెచ్చులూడుతుంది. నెక్ కూర్చునే గాడిలో పలచటి ఫైబర్ ముక్క కనిపిస్తే పారేయకండి, అది నెక్ కోణం సరిచేయడానికి పెట్టింది.

ముద్ర చెరిగిపోయి ఉంటే రోజ్‌వుడ్ బోర్డును (మేపుల్ నెక్ మీద అతికించిన, వేళ్లతో తీగలు నొక్కే పలకను) మడమ చివర నుంచి చూడండి. రోజ్‌వుడ్, మేపుల్ కలిసేచోట గీత తిన్నగా ఉంటే 1959 మధ్య నుంచి 1962 మధ్య వరకు. వంపు తిరిగి ఉంటే ఆ తర్వాతది. చిన్న హెడ్‌స్టాక్ 1965 వరకే, పెద్దది ఆ తర్వాత.

మూడు పాట్లలో రెండు 1963, ఒకటి 1972

1972ది బహుశా రిపేరులో మార్చింది. మార్చిన చోట టంకం ఎక్కువగా, మెరుస్తూ ఉండొచ్చు, వైరు తొడుగు కాలి వెనక్కి జరిగి ఉండొచ్చు. ఆ పాట్‌ను లెక్కలోంచి తీసేయండి. పాత పాట్లు విడిగానూ అమ్ముడవుతాయి కాబట్టి మిగతా రెంటి టంకం కూడా కదపనిదేనా అని చూడాలి. కదపని టంకం ఉన్న 1963 పాట్లు, నెక్ మీద 1963, అడుగు నల్లగా ఉన్న పికప్‌లు, అంటే తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత పార్టులు (1964లో బూడిదరంగు అడుగు వచ్చింది) మూడూ కలిస్తే అమ్మేవాళ్లతో 1963 అని గట్టిగా మాట్లాడొచ్చు.