తెలుగు ఇంటి పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం: విసుగు పుట్టించే చిక్కులు, వాటిని దాటే పద్ధతులు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది తరగతి మౌనం. పాఠాన్ని ఒక్క గొంతుతో గడగడా చదివే నలభై మంది పిల్లలు, నిన్న సాయంత్రం ఏం చేశారని ఇంగ్లీషులో అడిగేసరికి తలలు దించుకుంటారు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది, ఆంధ్రప్రదేశ్ అంతకుముందే ఆ దారి పట్టింది. దాంతో లెక్కలు, సైన్సు అర్థం కావడానికి సరిపడా భాష కూడా ఇంగ్లీషు పీరియడే ఇవ్వాలన్న ఒత్తిడి పెరిగింది. ఇంట్లో, వీధిలో ఒక్క ఇంగ్లీషు వాక్యమైనా వినబడని పిల్లవాడికి అది ఇప్పటికీ పరాయి భాషేనన్న సంగతిని ముందుగా ఒప్పుకుంటే, మన ప్రణాళిక సగం చక్కబడుతుంది.

మొదట చేయవలసిన పని, ఒక పీరియడులో ఒకే రకం తప్పును దిద్దడానికి ఎంచుకోవడం. కాలం, ప్రశ్నావాక్యం, విభక్తి, ఉచ్చారణ అన్నీ ఒకేసారి సరిచేయబోతే, నోరు తెరిచిన పిల్లవాడు మూడో మాటకే ఆగిపోతాడు. ఈ వారం ‘డిడ్’తో వచ్చే వాక్యాలు మాత్రమే దిద్దుతామని పిల్లలకు ముందే చెప్పండి. మిగతా తప్పులను ఆ వారానికి వదిలేయండి. చూస్తూ వదిలేయడం మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ మాట్లాడే పిల్లల సంఖ్య పెరగడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు కనబడలేదు.

‘డిడ్’ సంగతే కాస్త వివరంగా చూద్దాం. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనే వాక్యం ఎనిమిదో తరగతిలోనూ, ఇంటర్మీడియట్‌లోనూ వినిపిస్తుంది. సూత్రం ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా ఆ తప్పు పోదు. ఇక్కడ మన తెలుగే మనకు ఆసరా. ‘వెళ్లాను’ అనే మాటకు వ్యతిరేకం చెప్పమని పిల్లలను అడగండి, తడుముకోకుండా ‘వెళ్లలేదు’ అంటారు. ‘వెళ్లానులేదు’ అని ఎందుకు అనలేదని అడిగితే నవ్వుతారు. ‘లేదు’ వచ్చి చేరగానే ‘వెళ్లాను’లోని కాలం గుర్తు, మనిషి గుర్తు రెండూ జారిపోయి ‘వెళ్ల’ మిగిలినట్టే, ‘డిడ్ నాట్’ వచ్చాక ‘వెంట్’ పోయి ‘గో’ మిగులుతుందని చూపించండి. ఆ తర్వాత తిన్నాను, చూశాను, కొన్నాను అంటూ పిల్లలకు తెలిసిన క్రియలను ఒక్కొక్కటిగా ఇచ్చి, మొదట తెలుగులో, వెంటనే ఇంగ్లీషులో చెప్పించండి. పుట్టుకతో వచ్చిన వ్యాకరణం తమ దగ్గర ఉందని తెలిసిన పిల్లలు, పరాయి వ్యాకరణానికి అంతగా బెదరరు. తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే పద్ధతి నాకు సమ్మతం కాకపోవడానికి ఇదే కారణం.

అన్నిచోట్లా తెలుగు ఇలా కలిసిరాదు. ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అనడానికి తెలుగులో మాటల వరుస మార్చనక్కర్లేదు కాబట్టి, పిల్లలు ‘వేర్ యూ ఆర్ గోయింగ్’ అంటారు. దీనికి వివరణ కంటే అభ్యాసమే మేలు. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడిగించుకోవాలి. ‘వచ్చాను’ అన్న ఒక్క మాటలోనే ‘నేను’ ఇమిడి ఉండటం వల్ల రాతలో ‘ఐ’ తరచూ ఎగిరిపోతుంది, దాన్ని గుర్తుచేస్తే చాలు. ‘ఎ’, ‘ది’ల కోసం కింది తరగతుల్లో సమయం ఖర్చు చేయవద్దని నా సలహా. తెలుగులో వాటికి సాటి వచ్చేవి లేవు, అవి చదవగా చదవగా నెమ్మదిగా పట్టుబడతాయి. ‘ఇస్కూల్’ వంటి ఉచ్చారణను ఎదుటివారికి అర్థం కానప్పుడు దిద్దితే సరిపోతుంది.

ఇక మౌనాన్ని పోగొట్టే మార్గం. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్. ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు ప్రాజెక్టు పేరుతో ఒక ప్రయోగం జరిగింది. వ్యాకరణ పాఠాలకు బదులు రైలు వేళల పట్టికలు, మ్యాపులు వంటివి ఇచ్చి వాటి మీద లెక్కలు తేల్చమనేవారు. మనసు అర్థం మీద నిలిచినప్పుడు భాష తనంతట తాను కుదురుకుంటుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. దాన్ని మన తరగతికి తేవడం కష్టమేమీ కాదు. మీ ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వెళ్లే నాలుగు బస్సులు బయలుదేరే వేళ, చేరే వేళ బోర్డు మీద రాయండి. మొదట తరగతి మొత్తాన్ని ప్రశ్నలు అడగండి. అమ్మమ్మను పది గంటలకల్లా ఆసుపత్రికి చేర్చాలంటే ఏ బస్సు ఎక్కాలని ఇంగ్లీషులో అడిగితే, ‘సెకండ్ బస్’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. పూర్తి వాక్యం చెప్పమని పట్టుబట్టకుండా, ‘యెస్, వియ్ టేక్ ది సెకండ్ బస్’ అని మీరే పూరించి ముందుకు సాగండి. ఆ తర్వాత అలాంటిదే మరో పట్టికను ఇచ్చి, ఈసారి ఎవరికి వారే చేయమనండి. ముందు అందరితో కలిసి, తర్వాత ఒంటరిగా అనే ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి ధైర్యం వచ్చేది మొదటి విడత వినడం వల్లే.

గైడు చూసి బట్టీ పట్టే అలవాటును నిందించి ప్రయోజనం లేదు, పరీక్ష అడిగే తీరు అలాంటిది. పాఠం చివరి ప్రశ్నల్లో ఒకదాన్ని పిల్లల బతుకుకు తగ్గట్టు మార్చి, గైడులో జవాబు దొరకకుండా చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు కాబట్టి, సైన్సు పుస్తకాన్ని ఇంగ్లీషు పీరియడులోకి తెచ్చుకోవచ్చు. తెలుగు పేజీ ముందు చదివించి, అదే విషయాన్ని ఇంగ్లీషులో వెతికించడం నెమ్మదిగా నేర్చే పిల్లలకు బాగా ఉపకరిస్తుంది.

నోటు పుస్తకాలు దిద్దడం ఉపాధ్యాయుల ఓపికను పిండేసే పని. ఆ వారం ఎంచుకున్న తప్పు కింద మాత్రమే గీత గీసి, సరైన రూపాన్ని పిల్లలతోనే రాయించండి. పేజీ అంతా ఎర్ర సిరాతో నింపితే చదివేవారు ఉండరు. తల్లిదండ్రులు వచ్చి, ‘మావాడు ఇంకా ఇంగ్లీషులో మాట్లాడటం లేదేమండీ’ అని అడిగినప్పుడు వివరణలతో సరిపెట్టకుండా, జూన్‌లో రాసిన పేజీని, ఇప్పటి పేజీని పక్కపక్కన పెట్టి చూపించండి. అందుకోసం బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్లవాడి చేత నాలుగు వాక్యాలు రాయించి, దిద్దకుండా, తేదీ వేసి దాచిపెట్టుకోండి.