క్లాసు కంట్రోల్ నేర్చుకుందాం, 3వ పాఠం: గోల మొదలయ్యే చోటు

పోయిన పాఠంలో పిల్లల పేర్లు వారంలో ఎలా గుర్తుపెట్టుకోవాలో చూశాం కదా, ఈసారి ముందురోజు రాత్రి ఇంట్లో చేసుకోవాల్సిన పని. ప్రిపరేషన్ అంటే పాఠం ఒకసారి చదువుకెళ్లడం అనుకుంటాం చాలామందిమి, డీఈడీలో బీఈడీలో రాసిన లెసన్ ప్లాన్లు కూడా ఏం చెప్పాలన్న దాని చుట్టూనే తిరిగేవి, కానీ క్లాసు చెయ్యి జారేది మనం పాఠం చెప్తున్నప్పుడు కాదండీ, ఒక పని అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు.

నాకు జరిగిందే చెప్తా. ఐదో తరగతికి భిన్నాలు, కాగితం మడిచి సగం, పావు చూపించాలి. కాగితాలు తీసుకెళ్లా గానీ ముందే చింపి పెట్టుకోలేదు, అక్కడే చింపుతూ ఒక్కొక్కళ్లకీ ఇస్తుంటే మూడో బెంచీకి వచ్చేసరికి మొదటి బెంచీ వాళ్లు విమానాలు చేసి ఎగరేస్తున్నారు, అరిచాను, సగం పీరియడ్ అక్కడే పోయింది. పిల్లల తప్పేముంది, చేతిలో కాగితం ఉంది, చెయ్యడానికి పని లేదు.

మర్నాడు మళ్లీ అదే పాఠం. రాత్రే 40 ముక్కలు కత్తిరించి బెంచీకి ఐదు చొప్పున కట్టలు కట్టుకున్నా, ముందు బోర్డు మీద "సగానికి మడవండి, విప్పండి, ఒక భాగానికి రంగు వెయ్యండి" అని రాసి, ఆ తర్వాతే కట్టలు పంచా. రెండు నిమిషాల్లో అందరూ పనిలో పడ్డారు.

అమెరికాలో జేకబ్ కూనిన్ అనే సైకాలజిస్టు క్లాసుల్ని వీడియో తీసి గమనించి 1970లో పుస్తకం రాశారు. అల్లరి చేశాక ఎలా మందలించారన్న దాంట్లో మంచి టీచర్లకీ మిగతావాళ్లకీ పెద్ద తేడా కనపడలేదట, తేడా అంతా అల్లరి మొదలవ్వకముందు చేసేదాంట్లోనే, ఒక పని నుంచి ఇంకోదానికి సాఫీగా దాటించడం కూడా అందులోదే.

మన ప్రైమరీ స్కూళ్లలో అసలు కష్టం ఒకే గదిలో రెండు తరగతులు. నాలుగు వాళ్లకి చెప్తుంటే ఐదు వాళ్లు "సార్, అయిపోయింది" అని లేస్తారు, అక్కడ రెండు క్లాసులూ పోతాయి. అందుకే ఐదు వాళ్లకిచ్చే పని మిమ్మల్ని ఒక్క ముక్క కూడా అడగకుండా చేసుకునేలా ఉండాలి, ముందు రోజు నేర్చిన లెక్కలే ఇవ్వండి, కొత్తవి వద్దు. తొందరగా చేసేవాళ్ల కోసం ఇంకో మూడు లెక్కలు బోర్డు మూల ముందే రాసి ఉంచండి.

దీనికి టైమ్ ఎక్కడిది అంటారేమో, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో టీచరుకి వారానికి 45 గంటలని రాసింది ప్రిపరేషన్ గంటలు కూడా కలిపే. పిల్లల్ని కొట్టకూడదన్న 17వ సెక్షనూ ఆ చట్టంలోదే. బెత్తం పక్కన పెట్టమన్న చట్టమే ప్రిపరేషన్‌ని కూడా పనిగా లెక్కేసింది, అది మన హక్కు, గట్టిగా అడిగి తీసుకోవాలి.

ఇక మీ హోంవర్క్. రేపు ఒక్క పీరియడ్‌లో గోల లేచిన ప్రతిసారీ టైమ్ రాసుకోండి, ఆ నిమిషంలో పిల్లల చేతిలో ఏ పని ఉందో కూడా రాయండి. ఎవరు చేశారో రాయొద్దు. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.