ఆపరేషన్ అయిన పిల్లలకి నొప్పి మందు: ఏడ్చేదాకా ఆగకండి

వేసవి సెలవులొచ్చాయంటే హెర్నియా, టాన్సిల్స్, సున్తీ లాంటివన్నీ ఇప్పుడే చేయించేస్తారు, స్కూలు పోకూడదని. నేను శ్రీకాకుళంలో పిల్లల వార్డులో నర్సుని. పోయిన వారం ఆమదాలవలస వైపు నుంచి నాలుగేళ్ల బాబు వచ్చాడు, పదిహేను కేజీలు. పొద్దున్న హెర్నియా ఆపరేషన్, సాయంత్రం డిశ్చార్జి, ఆరు గంటలకోసారి పారాసిటమాల్ సిరప్ వెయ్యమని చీటీ రాసిచ్చాం. ఇంటికెళ్లాక మంచం మీద కూచుని బొమ్మ ఆటోతో ఆడుకున్నాడట, "గుంటడు ఆడుతన్నాడు కదేటి, మందెందుకిపుడు" అని నాయనమ్మ ఆపేసింది. రాత్రి ఒంటిగంటకి గుక్కపట్టి ఏడుపు. కంగారులో చెల్లెలి జ్వరం డ్రాప్స్ దొరికితే సిరప్‌లాగే 5 ఎంఎల్ పట్టేశారు, తగ్గలేదని అరగంటకి సిరప్ కూడా వేశారు, తెల్లారాక ఆర్ఎంపీ దగ్గర ఓ సూది. తొమ్మిదింటికి వాంతులు చేసుకుంటూ మా దగ్గరికొచ్చాడు. రక్త పరీక్షలు చేసి రెండ్రోజులు ఉంచాం, ఇప్పుడు బాగున్నాడు.

డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుందమ్మా. సిరప్‌లో అయితే 5 ఎంఎల్‌కి ఏ సీసా అన్నదాన్ని బట్టి 120, 125, 250 అలా ఉంటుంది. ఆ బాబుకి ఒక డోసుకి కేజీకి 15 మిల్లీగ్రాముల చొప్పున 225 చాలు, డ్రాప్స్‌తోనే 500 పడింది.

అసలు తప్పు డ్రాప్స్ దగ్గర మొదలవ్వలేదు, సాయంత్రం వెయ్యాల్సిన డోసు ఆపిన దగ్గరే మొదలైంది. ఇలాంటి ఆపరేషన్లకి థియేటర్లో పిల్లాడు మత్తులో ఉండగానే నడుం కింద, తోకెముక దగ్గర తిమ్మిరి మందు ఇస్తారు, కాడల్ బ్లాక్ అంటాం. అది నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది, అందుకే సాయంత్రం అంత హుషారు. ఆ తిమ్మిరి వదిలేలోపే నోటి మందు కడుపులో ఉండాలి, ఎందుకంటే సిరప్ పని మొదలెట్టడానికే అరగంట పైన పడుతుంది. ఏడుపు మొదలయ్యాక ఇస్తే ఆ అరగంట ఓర్చుకోలేకే రెండో మందు, మూడో మందు వేసేస్తారు. ఏడ్చాక ఇద్దాం అనుకోకండి.

2025లో మధ్యప్రదేశ్ చింద్వారాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక సిరప్ అంటేనే చాలామంది తల్లులు భయపడుతున్నారు. ఆ భయం నాకర్థమవుతుంది, కానీ డాక్టర్ రాసిన నొప్పి మందు మానేస్తే బాధ పడేది మీ బిడ్డే. బిల్లిచ్చే షాపులో కొనండి, సీలు చూడండి.

మొదటి రెండు మూడు రోజులు గడియారం చూసి ఇవ్వాలి, ఏడుపు చూసి కాదు. ఫోన్లో అలారం పెట్టుకోండి, రాత్రయినా లేపి ఇవ్వండి, ఇచ్చిన టైము క్యాలెండర్ మీద రాయండి, లేకపోతే అమ్మ ఓసారి, అమ్మమ్మ ఓసారి ఇచ్చేస్తారు. పారాసిటమాల్ రోజుకి నాలుగు డోసులు దాటకూడదు. కొంతమంది పిల్లలు ఏడవనే ఏడవరు, కాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు, అదీ నొప్పే.

టాన్సిల్స్ అయితే మూడో రోజు నుంచి నొప్పి ఇంకా పెరగొచ్చు. తిండికి అరగంట ముందు మందెయ్యండి, చల్లటి రాగి జావ, మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించండి. తాగకపోతే గొంతు ఎండి నొప్పి ఎక్కువవుతుంది. వారం పది రోజుల్లోపు నోట్లోంచి ఎర్రటి రక్తం వస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

ఐబుప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మందు డాక్టర్ రాస్తేనే, ఏదైనా తిన్నాక. వాంతులవుతున్నా, ఒంటేలు తగ్గినా అది ఆపి ఫోన్ చెయ్యండి, కిడ్నీ మీద పడుతుంది, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

జలుబు సిరప్‌లో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు, లేబుల్ చదవండి. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపిన సిరప్ వాడుతుంటే మళ్లీ పారాసిటమాల్ విడిగా వద్దు. టీ చెంచాతో కొలవొద్దు, సీసాతో వచ్చిన కప్పో సిరంజో వాడండి. నిమెసులైడ్ వద్దు, పన్నెండేళ్లలోపు పిల్లలకి 2011లోనే మన దేశంలో ఆపేశారు. ఆస్పిరిన్ వద్దు. కోడీన్, ట్రమడాల్ వద్దు, ఊపిరి మందగిస్తుంది. పెద్దోళ్ల మాత్ర సగం విరిచి పెట్టొద్దు. ఆర్ఎంపీ సూది వద్దు. పక్కింటి పిల్లకి పనిచేసిన సీసా వద్దు. ఏడ్చేదాకా ఆగొద్దు, మళ్లీ చెప్తున్నాను, ఆగొద్దు. వేసినా తగ్గకపోతే ఇంకో మందు కలపొద్దు, ఆపరేషన్ చేసిన చోటికే ఫోన్ చెయ్యండి. డోసు ఎక్కువైందని అనుమానమొస్తే పిల్లాడు బాగానే కనిపించినా ఆగకుండా తీసుకురండి. లేపినా లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేసి, ఇంట్లో వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకుని రండి.